బెజవాడ నగరసభ మొదట కోరవలసినది

ఏటేట రాష్ట్ర ప్రభుత్వమువారి ఆయవ్యయ పట్టిక శాసనసభ ముందునకు వచ్చు దినములు సమీపించినప్పుడెల్ల మన పట్టణములలో నొక సంరంభము కనబడుచుండును. నగరసభలు తీర్మానములు గావించును. మంత్రులకు వినతిపత్రములు సమర్పింపబడును. రోడ్లు, వంతెనలు, మురుగుకాలువలు, ఉద్యానవనములు, సమావేశ మందిరములు, స్వాగత ద్వారములు అన్నియు నొకే కాగితముపై నొకే వరుసలో నెక్కును. అందుకొన్నవారు తలయూపుదురు, పూలదండలు వాడకమునుపే ఆ కాగితము దస్త్రములలో చేరును. మరుసటి యేడు అదే పట్టిక, రెండు క్రొత్త కోర్కెలతో, మఱల బయలుదేరును.

ఇందు తప్పు ఇచ్చువారియందు మాత్రమే కలదని మేము తలంపము. అడుగువారియందును గలదు. అన్నియు ముఖ్యములేయని చెప్పినవానికి ఏదియు ముఖ్యము కాదని వినువాడు గ్రహించును. ఇరువది కోర్కెలు కోరినవానికి అన్నిటిలోను చులుకనయైన దానిని పడవేసి, ‘నీ మాట మన్నించితిమి’ అని పంపివేయుట సులభము. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదందురు, నిజమే. కాని ఆకలియైనవాడు అన్నము నడుగవలెనుగాని అత్తరు నడుగరాదు.

కావున నగరసభ ప్రభుత్వమునెదుట నిలుచుటకు ముందు తనలో తాను కూర్చుండి, ఏది మొదటిది, ఏది రెండవది, ఏది మూడవది యని నిర్ణయించుకొనవలెను. ఇందులకు మా యభిప్రాయమున మూడు పరీక్షలు చాలును. ఆ పని జరుగకున్న ప్రాణహాని గలదా? ఆ పని నగరము తన శక్తిచేతనే చేసికొనజాలదా? ఆ పని యొకసారి జరిగినచో మఱల మఱల చేయిచాచు నవసరము తగ్గునా? ఈ మూడు ప్రశ్నలకును ఔనను ప్రత్యుత్తరము వచ్చినవే ముందు కోరదగినవి. తక్కినవి వేచియుండగలవు.

ఈ కొలబద్దతో బెజవాడను కొలిచి చూతము.

ఈ నగరమునకు రెండు జలభయములు గలవు. ఒకటి కృష్ణ, అది పెద్దది, అందఱకు దెలిసినది. రెండవది బుడమేరు. మైలవరపు కొండలనుండి దిగి కొల్లేటిలో గలియు నీ చిన్న యేరును జనులు బెజవాడ దుఃఖమని పిలుచుట నేటిమాట గాదు. దీని వరదను వెలగలేరుకడ నాపి, మళ్లింపు కాలువగుండ బారేజికి ఎగువన కృష్ణలోనికి మళ్లించు నేర్పాటు గలదు. అయితే కృష్ణయే నిండి ప్రవహించుచున్నపుడు ఈ కాలువనీరు అందులో దిగుట కష్టము. రెండును ఒకేమారు పొంగిన యెడల నీటికి పోవు త్రోవ యేది? పట్టణమే.

2024 సెప్టెంబరు మొదటి దినములలో జరిగినది ఇదియే. ప్రకాశము బారేజికడ కృష్ణాప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరెను. అదే సమయమున బుడమేరు మళ్లింపు కాలువ గట్టు కవులూరు ప్రాంతమున తెగినది. సింగునగరము, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట మొదలగు పేటలు దినములతరబడి నీటిలో నానినవి. 2005లోనే ఈ యేరు మన కొకసారి హెచ్చరిక చేసియుండెను. పందొమ్మిదేండ్లు కడచినను ఆ హెచ్చరిక మన చెవి కెక్కలేదు.

ఆ దినములలో మేమును, మాతోటి కార్యకర్తలును మెడలోతు నీటిలో పాలు, రొట్టెలు, త్రాగునీరు మోసికొని పోయితిమి. ఒక మేడమెట్లపై కూర్చున్న వృద్ధురాలు మా చేతి పొట్లము నందుకొనుటకు ముందే యొక ప్రశ్న వేసినది: ‘ఇంటి పన్ను ఏటేటా కట్టుచున్నాను, నాయనా. ఈ నీళ్లను ఆపవలసినవా రెవరు?’ న్యాయవాద వృత్తిలో నిరువదియేండ్లు గడపిన మాకు తక్షణమే సమాధానము తోపలేదు. ఏరు ఒక శాఖది. వీధిలోని మురుగుకాలువ వేఱొకరిది. ఏటి చేరువ నిండ్లు లేపుటకు అనుమతి నిచ్చునది మఱియొకరు. పన్ను మాత్రము ఒక్కచోటనే పుచ్చుకొనబడును. ఆమె ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

వరద తీసిన పిమ్మట ప్రభుత్వమువారు నేలయంతస్తులోని కుటుంబములకు రు. 25,000, పై యంతస్తులవారికి రు. 10,000 చొప్పున సహాయము ప్రకటించిరి. ఆపన్నులకు అది యక్కరకు వచ్చినది. దానిని మేము తక్కువ చేసి చెప్పము. కాని పరిహారము వేఱు, నివారణము వేఱు. పరిహార మెంత దయతో నిచ్చినను, మరుసటి వరదను అది యొక్క యంగుళమైనను తగ్గింపదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట మనకు అలవాటయ్యెనేని, చేతులు కాలుటయు నలవాటగును.

మన తెలుగునేలలోనే దీనికి వేఱుదారి చూపిన దృష్టాంత మొకటి గలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదును ముంచివేసెను. అప్పటి ప్రభుత్వము గంజికేంద్రములతో సరిపుచ్చుకొనలేదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరద కారణమును విచారింపజేసెను. ఎగువన రెండు జలాశయములను నిర్మించుటకు నిశ్చయమయ్యెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను ముగిసినవి. 1912లో నగరాభివృద్ధికి ప్రత్యేక మండలి యేర్పడెను. ఒక్క వరద నుండి ఆ నగరము రక్షణమును, త్రాగునీటిని కూడ సంపాదించుకొన్నది. అది ప్రజలెన్నుకొన్న ప్రభుత్వము గాదు, ఏకవ్యక్తి పరిపాలనము. అట్టి పరిపాలనమే చేయగలిగిన పనిని, జనుల వోట్లతో నిలుచు ప్రభుత్వము చేయజాలదనుట మన కందఱకు సిగ్గుచేటు గాదా?

కావున నగరసభ యొక్క మొదటి కోరిక బుడమేరే కావలెను. అయితే ‘బుడమేరు సమస్యను పరిష్కరింపుడు’ అని వ్రాసిన చాలదు. మళ్లింపు కాలువ వెడల్పు, గట్లబలిమి, దిగువ ప్రవాహమార్గము, నగరములోని వాననీటి కాలువలు, ఈ నాలుగును ఒక్క ప్రణాళికగా జరుగవలెనని కోరవలెను. ఒక్కొక్క పనికి గడువు, వ్యయము ప్రకటింపుమని కోరవలెను. అన్నిటికిమించి, ఆ పనులను నడుపు సంఘములో నగరసభ ప్రతినిధులకు చోటు కావలెనని కోరవలెను. ఏటిగట్టు నాక్రమించిన కట్టడములను తొలగించుట తప్పదు. కాని తొలగింపు పెద్దవారి కట్టడములతో మొదలిడవలెను. పేదవాని గుడిసెను తాకుటకు ముందు వానికి వేఱు నీడ చూపవలెను. వానిని అక్కడ స్థిరపడనిచ్చి, విద్యుత్తునిచ్చి, పన్ను పుచ్చుకొని, నేడు ఆక్రమణదారుడని తరుముట న్యాయము గాదు.

ఇక రెండవది ధనము.

నగరమునకు ధనము లేదని అందఱును చెప్పుదురు. ఏల లేదో చెప్పువారు తక్కువ. 2017 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన వస్తుసేవల పన్ను విధానముతో వినోదపు పన్ను చాలవఱకు అందులో గలిసిపోయినది. అందుకై గావింపబడిన 101వ రాజ్యాంగ సవరణము ప్రకటనలపై పన్నువేయు నధికారమును రాష్ట్రజాబితానుండియే తొలగించినది. ఆ రెండును పట్టణములకు ప్రాణాధారములైన యాదాయములు. రాష్ట్రములకు కలిగిన నష్టమును అయిదేండ్లు పూరింతుమని కేంద్రము శాసనము చేసినది. పట్టణములకు కలిగిన నష్టమును గూర్చి అట్టి శాసనము చేసినవారు లేరు.

ఆస్తిపన్ను కథ యింతకంటె చిత్రమైనది. 2020వ సంవత్సరమున వ్యాధికాలములో రాష్ట్రములు అదనముగా అప్పుచేయుటకు కేంద్రము కొన్ని నియమములు విధించెను. పట్టణములలో ఆస్తిపన్నును రిజిస్ట్రేషను విలువలతో ముడివెట్టుట అందొకటి. ఆ నియమము నెరవేర్చినవారికి తమ స్థూలోత్పత్తిలో 0.25 శాతము మేర అదనపు ఋణమునకు అనుమతి. మన ప్రభుత్వము చట్టమును సవరించి, అద్దెవిలువకు బదులు మూలధన విలువపై పన్ను విధించు పద్ధతిని తెచ్చెను. ఏటి పెంపుదల నూటికి పదునైదుకు మించదని చెప్పిరి. పద్ధతి మంచిదా చెడ్డదా యను చర్చ వేఱు. మేమడుగునది ఒక్కటియే: అప్పుతెచ్చుకొనునది రాష్ట్రము, పన్ను కట్టునది పట్టణము, ఈ రెంటి నడుమ పట్టణపు సభ నడిగినవారెవరు? ఆ చట్టము వచ్చిననాడు మన నగరమున ఎన్నికైన సభయే లేదు. అడుగుటకు మనిషి లేని సమయమున బేరము కుదిరినది.

రాజ్యాంగము దీనికి మందు చెప్పకపోలేదు. ప్రతి అయిదేండ్లకు రాష్ట్ర ఆర్థికసంఘము నేర్పఱచి, రాష్ట్రపు పన్నులలో స్థానికసంస్థల వాటాను నిర్ణయింపవలెనని 243-ఐ, 243-వై అధికరణములు శాసించినవి. ఆ సంఘము సిఫారసులను, వానిపై తీసికొన్న చర్యల వివరణమును శాసనసభ ముందుంచుట విధి. ఆ పని సకాలమున జరుగక పోవుటచే విసిగి కాబోలు, 2021 నుండి 2026 వఱకు గల కాలమునకు నివేదిక నిచ్చిన పదునైదవ కేంద్ర ఆర్థికసంఘము, 2024 మార్చిలోగా ఈ విధి నెరవేర్పని రాష్ట్రముల స్థానికసంస్థలకు అటుపిమ్మట నిధులు నిలుపవలెనని చెప్పినది. ఆ కాలమునకు దేశమందలి పట్టణములకు ఉద్దేశింపబడినది రు. 1,21,055 కోట్లు. రాష్ట్రము చేసిన జాగునకు శిక్ష పట్టణమునకు! ఇదియు నొక న్యాయమే.

కావున నగరసభ కోరవలసినది ఈ యేటి దానము కాదు; ఎల్లకాలపు వాటా. రాష్ట్రమునకు వచ్చు వస్తుసేవల పన్నులో పట్టణములకింత యని చట్టమున వ్రాయవలెను. రాష్ట్ర ఆర్థికసంఘపు నివేదిక సకాలమున శాసనసభకు రావలెను. అడిగిన యేడు ఇచ్చి, అలిగిన యేడు మాను ధనముతో ఏ నగరమును అయిదేండ్ల ప్రణాళిక వేసికొనజాలదు. ముష్టితో పూట గడచును, సంసారము గడవదు.

మూడవది శాసనము. ఇది చదువరులకు ఎండుమాటగా తోచును. కాని తక్కిన రెంటికిని వేరు ఇక్కడనే యున్నది.

1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పట్టణ స్వపరిపాలనమునకు రాజ్యాంగమున స్థానమిచ్చినది. పండ్రెండవ షెడ్యూలులో పదునెనిమిది విషయములను పేర్కొన్నది: పట్టణ ప్రణాళిక, నేల వినియోగము, రోడ్లు, నీటిసరఫరా, పారిశుద్ధ్యము, అగ్నిమాపకము, పేదవాడల బాగుసేత మున్నగునవి. చూచినవారికి సర్వాధికారములును వచ్చినట్లే తోచును. కాని 243-డబ్ల్యూ అధికరణమును చదువుడు. ఈ యధికారములను శాసనసభ పట్టణములకు ‘ఇయ్యవచ్చును’ అని యున్నదిగాని, ‘ఇయ్యవలెను’ అని లేదు. ఎన్నికలు అయిదేండ్లకు జరుగవలెనని శాసించిన రాజ్యాంగము, ఎన్నికైనవారి చేతిలో నేముండవలెనో శాసింపలేదు. ఒక్క క్రియాపదములో స్వపరిపాలన మంతయు చిక్కుకొన్నది. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత మన పెద్దలు దీనికొఱకే కల్పించిరేమో!

ఫలమేమి? 1888లో పురపాలక సంఘమై, 1981లో నగరపాలక సంస్థయైన బెజవాడలో నేడు కార్యనిర్వహణాధికారము ప్రభుత్వము నియమించు కమిషనరుది. మేయరు సభకు అధ్యక్షత వహించును. సభ చేసిన తీర్మానమును రద్దుచేయు నధికారమును ప్రభుత్వము తనయొద్దనే యుంచుకొన్నది. 2014లో నేర్పడిన రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ వంటివి పట్టణపు చుట్టును ప్రణాళికాధికారమును వహించుచున్నవి. ఎన్నికలసంగతి చూతమా, 2010 నుండి 2014 వఱకు నొకసారి, 2019 నుండి 2021 వఱకు మఱియొకసారి ఈ నగరము ఎన్నికైన సభయే లేక ప్రత్యేకాధికారులచే నడచినది. విశాఖపట్టణము 2012 నుండి 2021 వఱకు తొమ్మిదేండ్లు అట్లే గడపినది. గడువు ముగియులోపలనే ఎన్నికలు ముగింపవలెనని సుప్రీముకోర్టు 2006లో అహమ్మదాబాదు నగరపు వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పియున్నది. తీర్పు పుస్తకములలో నున్నది. పట్టణము ప్రత్యేకాధికారిచేతిలో నుండినది.

కావున శాసనవిషయమున కోరవలసినవి రెండు. పండ్రెండవ షెడ్యూలులోని విషయములలో, తొలుత నేల వినియోగమును వాననీటి పాఱుదలయు, సిబ్బందితోను ధనముతోను గూడ నగరసభకు బదలాయించు చట్టము. సభ గడువు ముగియుటకు ఆఱునెలలముందే ఎన్నికల యేర్పాట్లను విధిగా మొదలిడు చట్టము.

ఇందుల కొక యాక్షేపణ గలదు. దానిని మేము దాచము. ‘నగరసభలలో కక్షలు, కంట్రాక్టులు, లంచములు, ఇట్టివారి చేతికి అధికార మెట్లిత్తుము?’ అని రాష్ట్రనాయకులు ప్రశ్నింతురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని ఈ మాట మనము పూర్వము విన్నదే. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును ప్రతిపాదించినపుడు ఆంగ్లోద్యోగులు పలికినది ఇదియే. భారతీయుల కింకను యోగ్యత లేదని. యోగ్యత బాధ్యతవలన గలుగునుగాని బాధ్యత లేమివలన గలుగదు. అధికారము లేని సభలో మిగులునవి కంట్రాక్టులే. సమర్థులు ఆ కుర్చీలవైపు చూడరు. అమ్మ పెట్టదు, అడుగుకొని తిననీయదు. పైగా బిడ్డ చిక్కిపోయెనని ఇరుగుపొరుగువారితో చెప్పుకొనును.

ఒకప్పుడా కుర్చీలలో నెవరు కూర్చుండిరో జ్ఞప్తికి దెచ్చుకొందము. ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరపు పురపాలకాధ్యక్షులుగ ప్రజాసేవ నారంభించిరి. అయ్యదేవర కాళేశ్వరరావుగారు మన బెజవాడ పురపాలకాధ్యక్షతను వహించిరి. వల్లభభాయి పటేలుగారు అహమ్మదాబాదు పురపాలకాధ్యక్షులుగ నున్న కాలమున, 1927లో గుజరాతున ఘోరమైన వరదలు రాగా, సహాయకార్యమును తామే నడపిరి. వీరందఱును న్యాయవాదులు, వీథిదీపమును, మురుగుకాలువను చిన్నవని తలచినవారు గారు.

చీరాల-పేరాలను మఱచితిమా? ఆ గ్రామములను ప్రజల యిష్టమునకు విరుద్ధముగ పురపాలక సంఘముగ జేసి పన్నులు పెంచినందున, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో జనులు ఇండ్లువాకిండ్లు విడిచి, రామనగరమను పాకల యూరు నిర్మించుకొని సుమారు పదునొకండు నెలలు ఎండకు వానకు నోర్చిరి. వారు కాదన్నది పన్నునుగాదు. తమ నడుగని పన్నును.

అయితే హక్కు నడుగువాడు తన విధిని ముందు నెరవేర్పవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెను గదా. నగరసభ తన లెక్కలను ఏటేట తెలుగున అచ్చువేసి ప్రతి పఠనమందిరమునకు పంపుగాక. పెద్ద బకాయీదారుల పేళ్లు చిన్నవారి వాకిటికి పోవుటకు ముందే వెలువడుగాక. మూడులక్షలకు మించిన పట్టణములలో వార్డు సంఘములుండవలెనని రాజ్యాంగము చెప్పియున్నది. అవి యెన్నిచోట్ల ఊపిరి పీల్చుచున్నవో పాఠకులే యెఱుగుదురు. వానిని సజీవములను గావింపుడు. ఇట్టి సభ రాష్ట్రప్రభుత్వము నెదుట నిలిచినపుడు దాని మాటకు బరువుండును.

పౌరులారా! ఎన్నిక వచ్చినపుడు మీ వాకిటికి వచ్చు నభ్యర్థిని, అతడే పక్షమువాడైనను, మూడు ప్రశ్నలడుగుడు. బుడమేటికి ఏమి కోరుదువు? పన్నులో వాటాకు ఏమి కోరుదువు? చట్టములో ఏమి మార్పు కోరుదువు? నాలుగవదిగ మా వీథికి సిమెంటురోడ్డు వేయించుమని మీరే యడిగితిరా, మూడు ప్రశ్నలును గాలిలో గలియును. అతడు రోడ్డు మాట పట్టుకొని తప్పించుకొనును. ముందు మనము వరుస నేర్చుకొన్ననేగాని మన ప్రతినిధులు నేర్వరు.

మేఘములు ఏటేట వచ్చును. అవి మన తీర్మానములకొఱకు నిలువవు. మేడమెట్లపై కూర్చున్న ఆ వృద్ధురాలి ప్రశ్నకు సమాధానము చెప్పగల సభ మనకు కావలెను. అంతవఱకు ఎన్ని పూలదండలు వేసినను అవి నీటిలో తేలిపోవునవియే.